నున్నటి రేకు

"రోజూ పొద్దున్నే ఆ ఇంట్లోంచి కాలిన వాసన. రిటైరైన రైలు డ్రైవరు పెళ్లాం చేతే పెళ్లాం నగలు కరిగిస్తున్నాడు" అని ఎదురింటావిడ ఇస్త్రీ అతనితో అందట.

ఇస్త్రీ అతను ఆ మాటను చొక్కాలతో పాటు మడతపెట్టి తెచ్చి, డ్రైవరు భార్యకు అప్పగించాడు.

"నా నగలన్నీ కరిగించినా ఒక్క చక్రం రాదని చెప్పు," అందావిడ.

కరుగుతున్నది టంకం. బల్ల మీద తయారవుతున్నది మూరెడు ఇత్తడి ఆవిరింజను. పెట్టెలో వచ్చిన మూడొందల ముక్కల్లో సగం అతుకుపడ్డాయి.

రిటైరైన రోజే కొనుక్కున్నాడు ఆ పెట్టె. వయసులో ఉండగా తను నడిపిన ఇంజను నమూనాయే. పెట్టె విప్పే తీరిక దొరికేసరికి చెయ్యి వణకడం మొదలైంది.

ఆవిడ కంసాలి కూతురు. పదేళ్లప్పుడే తండ్రి పక్కన కూర్చుని ఊదుగొట్టం ఊదింది. వెలిగారం ఎంత, మంట ఎంత అన్నది ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పెట్టెతో పాటు పరాయి భాషలో వచ్చిన కాగితాన్ని ఆయన చదివి చెప్పేవాడు. ఆవిడ అతికేది.

"పొగగొట్టం నిటారుగా ఉందేమో చూడు."

"మీకన్నా నిటారుగానే ఉంది."

ఆయన నవ్వేవాడు. నవ్వి, చేతులు ఒళ్లో దాచుకునేవాడు.

"ఇందులో ఒక్క ముక్కన్నా నా చేత్తో పడాలే," అన్నాడొక రోజు.

ముక్కను పట్టుకునే శ్రావణం ఆవిడ అందించింది. ముక్క నేల మీద పడింది. ఇద్దరూ బల్ల కింద దూరి చాలాసేపు వెతికారు. దొరికాక ఆవిడే అతికింది.

ఆ మర్నాటి నుంచి, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళకు, ఆయన వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు.

టిక్కు టిక్కుమని చప్పుడు.

"ఏం చేస్తున్నారు?"

"ఏదోలే. నువ్వు పడుకో."

పంతొమ్మిది రోజులు ఆ చప్పుడు వింది. ఇరవయ్యో రోజు పొద్దున అల్లుడు వచ్చి, చేతి పరీక్ష కోసం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

వెనక గది ఊడుస్తుంటే రేకులు కనిపించాయి.

ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టెకు రెండు పక్కలా వచ్చే రేకులు. ఒక్కోటి అరచెయ్యంత. వాటి నిండా ఆవగింజలో సగం ఉండే బొడిపెలు. చీమలబారుల్లా అటూ ఇటూ వంకర్లు పోయాయి. పక్కనే చిన్న సుత్తి, మొనలేని సూది.

ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

రేకు చదును చేద్దామని సుత్తి పట్టాడు. చెయ్యి వణికింది. పాడుచేసుకుని, చెప్పడానికి నామోషీపడి, తలుపేసుకున్నాడు.

రేకు మీద బొడిపె కనిపిస్తే ఆవిడ తండ్రి నెత్తిన మొట్టేవాడు.

సన్న ఆకురాయి తీసింది. వాళ్లు తిరిగొచ్చేలోగా రెండు రేకులూ నున్నగా చేసి, మెత్తటి గుడ్డతో మెరుగు పెట్టింది. మొహం కనిపించేటంతగా.

ఆయన వచ్చాడు. చెప్పులు విడిచాడు. బల్ల దగ్గరికి వెళ్లి, రేకు మీద బొటనవేలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపాడు. మళ్లీ వెనక్కి నడిపాడు.

"నేనే చేశాను," అందావిడ, మొహంలోకి చూస్తూ. "ఎలా వచ్చింది?"

"నున్నగా వచ్చింది."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఇంతేనట. ఇక తగ్గదట."

అన్నం తిని పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం వెనక గది తలుపు తెరిచే ఉంది.

మర్నాడు బల్ల తుడుస్తూ ఆవిడ ఆ కాగితం తిరగేసింది. ఆ భాష రాదు గానీ, బొమ్మలున్నాయి.

ఒక బొమ్మలో పక్క రేకు. దాని మీద వరసలు వరసలుగా చుక్కలు. అసలు ఇంజనులో రేకుల్ని బిగించే రివెట్ల తలలవి. వాటిని వెనకవైపు నుంచి ఒక్కొక్కటే ఎలా పొడవాలో చూపిస్తూ ఒక చెయ్యి, ఒక సూది, ఒక సుత్తి.

ఒక వరస లెక్కపెట్టింది. నలభై ఒకటి. అలాంటివి తొమ్మిది వరసలు.

అలాంటివి రెండు రేకులు.

రేకు ఎత్తి వెలుతురుకు పట్టింది. అరిగి ఉల్లిపొరలా ఉంది. మళ్లీ పొడిస్తే చిల్లే.

రేకులు రెండూ వాటి చోట్ల అతికింది. కాగితంలో మిగిలినవన్నీ ఆయన ఎప్పటిలాగే చదివాడు, అక్షరాల కింద వేలు పెట్టి, తొందరపడకుండా.

ఇంజను పూర్తయిందని తెలిసి, ఒక ఆదివారం ఫైర్‌మన్ చూడటానికి వచ్చాడు. ఒకప్పుడు ఆయన బండిలో బొగ్గు ఎగదోసినవాడు. కళ్లజోడు ఎత్తాడు, దించాడు, బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"విజిల్ కూడా పెట్టారేంటి గురూ. వదిన చెయ్యి మామూలు చెయ్యి కాదు."

"నాకు పెళ్లిచూపుల్లోనే తెలుసు."

"అప్పుడు చూసింది చేతులేనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఫైర్‌మన్ ఇంజను వెనక బొగ్గు పెట్టె మీద వేలు రాశాడు. వేలు ఆగింది.

"రివెట్లేవి గురూ? వీపు ఆనించి కూర్చుంటే చొక్కా మీంచి అచ్చులు పడేవి. మా ఆవిడ చూసి, ఏం దద్దుర్లని అడిగేది."

"కిట్టులోనే ఇవ్వలేదురా," అన్నాడు డ్రైవరు గబుక్కున.

"కంపెనీవాడు ఎగ్గొట్టాడన్నమాట. ఊరుకోకు. ఉత్తరం రాయి."

"రాస్తాలే. ముందు టీ తాగు."

ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"ఉండేవి," అంది. "మీ గురువుగారు పంతొమ్మిది రోజులు కూర్చుని కొట్టారు. నేనే ఆకురాయి పెట్టి అరగదీశాను."