చూసుకుని నడవడం

నీళ్లకెళ్లే దారిలో ఆకులు కప్పిన గుంతలో పడి దుప్పి కాలు విరగ్గొట్టుకుంది. "గడ్డల కోసం అడవిపంది తవ్విన గుంతే అది. నా కాలు బాగయ్యేదాకా ఆ పందే మేత తెచ్చిపెట్టాలి," అని ఎలుగుబంటి దగ్గర మొరపెట్టుకుంది.

"నాకేం సంబంధం? వానకు నేల కుంగింది," అంది పంది.

"ఆకులు కూడా వానే కప్పిందా?" దుప్పికి ఒళ్లు మండిపోయింది.

"అడవన్నాక ఆకులు రాలవా? చూసుకుని నడవొద్దా, ఎలుగు మామా? నడవడం రానివాళ్లందరికీ నేను మేత మోయాలా?"

పొద్దుటినుంచీ ఇదే పాట. వినీ వినీ ఎలుగుబంటికి బుర్ర వేడెక్కిపోయింది. "ఆపండి మీ గోల! గొంతెండిపోతోంది. పదరా, నీళ్లు తాగొచ్చి తేలుస్తాను," అని పందిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

దారంతా ఎండుటాకులే. ముందు నడుస్తున్న పంది ఒకచోట ఠక్కున దారి దిగి, ముళ్లపొదల్లోంచి దూరి, అవతల మళ్లీ దారెక్కింది.

ఎలుగుబంటి ఆగింది. పంది తప్పించుకున్న చోట ఆకులు పక్కకు తోసింది. కింద అలాంటిదే ఇంకో లోతైన గుంత, అందులో సగం కొరికిన గడ్డలు.

"ఏరా, చూసుకుని నడవడమంటే ఇదేనా?" అంది ఎలుగుబంటి. "వెనక్కి తిరుగు. నీళ్లు తర్వాత. ముందు దుప్పికి గడ్డి పీకు."