జర్మనీ గడ్డి

“ఏమోయ్, పెట్టెలో కాగితం పొట్లం ఉండాలి, ఇలా పట్రా! పోచయ్య వచ్చాడు” అని వాకిట్లోంచి కేకేశాడు కామేశ్వరరావు.

వంటింట్లో వీరలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది.

నిన్న రాత్రే ఆయన జర్మనీలో ట్రైనింగ్ ముగించుకుని ఇల్లు చేరాడు. పొద్దున పెట్టె సర్దుతుంటే అక్కడి కాగితంలో చుట్టిన గడ్డి కనిపించింది. గాజు గ్లాసులు పగలకుండా కుక్కిన చెత్త అనుకుంది. గడ్డి పొయ్యిలో పడేసింది. కాగితం మందంగా బాగుందని పోపు డబ్బాల కింద పరుచుకుంది.

“ఆ పొట్లంలో ఏముందండీ?” అంది గడప దాకా వచ్చి.

“గడ్డి. మ్యూనిక్‌లో ప్రపంచ కప్పు ఫైనల్ ఆడారే, ఆ గ్రౌండుది. నేను బయల్దేరే ముందే అడిగాడు పోచయ్య.”

పోచయ్య ఫ్యాక్టరీ కాలనీ ఫుట్‌బాల్ గ్రౌండుకు మాలి. నిజాంపేట నుంచి రోజూ నడిచి వస్తాడు. మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

“గంత పెద్ద ఆట ఆడిన జాగల గడ్డి ఎట్లుంటదో జర చూద్దామని, అమ్మా. ఇంకేం వద్దు నాకు” అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక ‘కాల్చేశాను’ అన్న మాట ఆమె నోట రాలేదు. గబగబా పెరట్లోకి వెళ్లి, కుళాయి పక్కన మొలిచిన గరిక వేళ్లతో సహా పీకింది. డబ్బాల కింది కాగితం లాగి అందులో చుట్టి తెచ్చిచ్చింది.

కామేశ్వరరావు పొట్లం విప్పి ఒక్క క్షణం ఆగాడు. “ఇంకా పచ్చగానే ఉందే!”

“వాడిపోతోందని నీళ్లు చల్లానండీ” అంది ఆయన వైపు చూడకుండా.

“మంచి పని చేశావు” అని ఆయన గడ్డిని పోచయ్య దోసిట్లో పెట్టాడు. “డెబ్భై వేల పైచిలుకు జనం పోచయ్యా! ఆట మొదలై నిమిషం దాటిందో లేదో, హాలండుకి పెనాల్టీ! నా పక్కనున్న ముసలాయన తల పట్టుకున్నాడు. చివరికి జర్మనీయే గెలిచిందనుకో. ఆ సందట్లో నేను కిందికి దిగిపోయి, సరిగ్గా గోలు ముందు పీకాను.”

పోచయ్య ఆ గరికను కళ్లకద్దుకున్నాడు. వీరలక్ష్మి లోపలికి వచ్చేసింది.

ఆ గరికను అతను గోలు స్తంభం పక్కన నాటాడు. వానలు పడుతున్నాయేమో, మూడు వారాల్లో మంచమంత మేర అల్లుకుపోయింది. కాలనీ అంతా వచ్చి చూసింది. “మన గడ్డెక్కడ, ఇదెక్కడ! ఆ రంగు చూడండి!” అన్నారు పక్కింటి సోమేశ్వరరావు గారు. వీరలక్ష్మి ఆ దారిన నడవడం మానేసింది. పెరట్లో బిందె పట్టడానికి వెళ్తే కుళాయి పక్కనున్న బోసి మట్టి వైపు చూడలేకపోయేది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర కామేశ్వరరావు మెల్లగా అన్నాడు. “రేపట్నుంచి గ్రౌండంతా తవ్వేస్తారట. మొత్తం జర్మనీ గడ్డే వేస్తారట. జనరల్ మేనేజరు గారు సంతకం పెట్టేశారు.”

“మొత్తమా? ఉన్న గడ్డి?”

“పీకి పారేయడమే.”

ఎనిమిదేళ్లు చంటిపిల్లలా పెంచుకున్నాడు పోచయ్య ఆ గ్రౌండుని. అదంతా ఇప్పుడు తమ ఇంటి పెరటి గరిక కోసం పోతుంది. రేపు నిజం బయటపడితే పైవాళ్లు ఎవర్నంటారు? మాలినే అంటారు. అతని ఉద్యోగమే పోతుంది. వీరలక్ష్మికి ముద్ద దిగలేదు. కామేశ్వరరావు కూడా సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు ఆయన తెల్లవారకముందే ఫ్యాక్టరీకని వెళ్లిపోయాడు. వీరలక్ష్మి పొయ్యి కూడా వెలిగించకుండా గ్రౌండుకు వెళ్లింది. పోచయ్య పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పోచయ్యా, తవ్వకు! అది జర్మనీ గడ్డి కాదయ్యా. మా పెరట్లో గరిక. అసలుది నేనే చెత్తనుకుని పొయ్యిలో వేశాను” అంది ఒక్క ఊపిరిలో.

పోచయ్య పార కింద పెట్టి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

“నాకెరుకే అమ్మా.”

“ఎరుకా?”

“పుట్టినప్పటి సంది గడ్డిలనే బతుకుతున్న. గరకను గుర్తు పట్టనా?”

“మరి ఈ తవ్వకం ఏమిటయ్యా?”

“కింద అంత రాళ్లే అమ్మా. పిల్లగాండ్ల మోకాళ్లు పగులుతున్నయ్. రాళ్లు తీయించుండ్రి, నీళ్ల పైపు ఇయ్యుండ్రి అని ఎనిమిదేండ్ల సంది తిరుగుతున్న. మన గడ్డికైతే ఎవ్వలు ఇనలే. జర్మనీ గడ్డి అన్నంక ఒక్క పూటల సంతకమైంది. నలుగురు కూలోళ్లు, పైపు, ట్రాక్టరు చెరువు మట్టి! జర ఎవ్వలకు చెప్పకు తల్లీ, నీకు దండం పెడత.”

వీరలక్ష్మికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాని గుండెల్లో బరువు సగమే దిగింది.

“సారుకు తెలియదయ్యా. మన కోసం అంత దూరం నుంచి మోసుకొచ్చారు. ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

పోచయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఏం ఫికర్ జెయ్యకమ్మా. పొద్దుగాల సారు గూడ గిట్లనే ఉరుక్కుంట వచ్చిండు. ఆయన ఆ ఆటకే పోలేదంట, గడ్డి బేగంపేటల విమానం దిగినంక పీకిండంట. ‘మా ఇంట్లో మాత్రం చెప్పకు పోచయ్యా’ అని చేతులు పట్టుకున్నడు.”