వీపున కుట్టిన తోలు

బెల్టు మళ్లీ మళ్లీ వీపు మీద పడుతున్నా ఆమె కిక్కురుమనలేదు.

"ఒళ్లు మొద్దుబారిందటే నీకు?" తోలు బెల్టులు కుట్టే ఆమె మొగుడు పళ్లు నూరుతూ జుట్టు పట్టి ఆమెను గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. ఆ లాగుడికి వీపు దగ్గర జాకెట్టు చిరిగి, లోపల కుట్టిన మందపాటి తోలు బయటపడింది.

"ఇది నా దుకాణంలో తోలు! ఎవరిచ్చారే?"

"నేనే ఇచ్చాను," అంది గుమ్మంలోంచి అతని తల్లి. "నువ్వు కోయగా మిగిలిన ముక్కలు ఏరి నేనే కుట్టాను."

"నువ్వు నాకు తల్లివా, దానికా?"

"మీ నాన్న నన్ను చావబాదినప్పుడు నా కాళ్లు పట్టుకుని ఏడ్చావు కదరా! నాకప్పుడు ఇలా కుట్టిచ్చే దిక్కు లేదు."

అతడు బెల్టు తల్లి మీదికి ఎత్తాడు.

దెబ్బలు ఓర్చుకుంటే చాలు, కాపురం గడిచిపోతుందని ఇన్నాళ్లూ అనుకున్న కోడలికి, ముసలామె ముడుచుకుపోయిన తీరు చూడగానే తన ముందున్న బతుకంతా కనిపించింది. ఎగిరి అతని చెయ్యి పట్టుకుని మెలితిప్పింది. బెల్టు లాక్కుని, అతని మోకాళ్ల మీద ఈడ్చి కొట్టింది. అతడు కుప్పకూలి గావుకేక పెట్టాడు.

ఆమె బెల్టు కిటికీలోంచి బయటికి విసిరేసింది.

"పదండి అత్తయ్యా, వెళ్లిపోదాం."

"పదవే తల్లీ. వాడు లేచేలోపు చెప్పులు తొడుక్కోనీ."