ఖాళీ లేని హాలు

"ఒక్కటే సీటున్నది మేడమ్. అది గూడ సాయంత్రం దాకా ఉంటదో ఉండదో," అన్నాడు హాలు ఓనరు రఘుపతి.

వర్షిత హాలంతా కలియజూసింది. మహబూబ్‌నగర్‌లో, అదీ మెట్టుగడ్డ దగ్గర బట్టల దుకాణం మీద, ఇలాంటి చోటు ఉంటుందని ఆమె అనుకోలేదు. టేబుళ్ళు, ఏసీ, ఇంటర్నెట్, మూలన టీ. నెలకింత అని కిరాయి కట్టి ఎవరి ఆఫీసు పని వాళ్ళు చేసుకోవచ్చు. నిజంగానే ఒక్క కుర్చీ తప్ప అన్నిట్లోనూ మనుషులున్నారు. కిటికీ దగ్గర ఒక పెద్దాయన ఫోన్‌లో ప్లాట్ల బేరం చేస్తున్నాడు. ఒకావిడ తలెత్తకుండా టకటకా టైపు చేస్తోంది.

ఎక్కువ ఆలోచించే వీలు వర్షితకు లేదు. వాళ్ళిల్లు పిండిగిర్నీని ఆనుకుని ఉంది. నాయిన జొన్నలు పోసి గిర్నీ తిప్పాడంటే మీటింగులో ఆమె మాట ఎవరికీ వినపడదు. "ఎయిర్‌పోర్టులో ఉన్నావా?" అని హైదరాబాద్ నుంచి మేనేజరు నవ్వుతూనే అడిగింది మొదట్లో. తర్వాత నవ్వడం మానేసి, ఇలాగే ఉంటే ఉద్యోగం పర్మనెంటు కాదని మెయిల్ పెట్టింది. గిర్నీ ఆపితేనేమో ఇల్లు గడవదు.

వర్షిత అక్కడికక్కడే కిరాయి కట్టేసింది.

వారం తిరిగేసరికి ఆ హాలు ఆమెకు ఇల్లయిపోయింది. ప్లాట్ల పెద్దాయన పేరు భీమయ్య. టైపు చేసే ఆవిడ మమత. ఏసీ తగ్గించమనీ పెంచమనీ రోజూ గొడవపడేవాడు సతీశ్. ఎంత కష్టజీవులంటే, ఆమె వచ్చేసరికే పనిలో మునిగి ఉండేవాళ్ళు. ఆమె లేచేదాకా ఒక్కరూ లేచేవాళ్ళు కాదు.

ఒకరోజు భయపడుతూనే అంది. "కాకా, జర మెల్లగ మాట్లాడుతరా? నాకు మీటింగున్నది."

గొడవకొస్తాడనుకుంది. భీమయ్య గబుక్కున ఫోన్ జేబులో పెట్టేశాడు.

"అయ్యో, తప్పయింది బిడ్డా! నీ పని కన్న ఎక్కువనా నా ప్లాట్లు?"

మరోసారి జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు. మమత అయితే సాయంత్రం రాగి జావ పట్టుకుని ఇంటికే వచ్చింది.

"పాణం బాగైనంకనే రా. కానీ వస్తవు కదా? వేరే తావు ఏం చూసుకుంటలేవు కదా?" అని చెయ్యి పట్టుకుని అడిగింది.

"మిమ్ముల ఇడిచి యాడికి పోత అక్కా?" అంది వర్షిత. సొంత అక్క లేని లోటు ఆ రోజు తీరినట్టనిపించింది.

హాలు గురించి నాలుగు మంచి మాటలు ఇంటర్నెట్‌లో రాయమని రఘుపతి అడిగితే మనస్ఫూర్తిగా రాసింది. 'పనిచేసేవాళ్ళ మధ్య కూర్చుంటే మనకూ పనిమీద ధ్యాస కుదురుతుంది. ఇక్కడికి రండి, మీకే తెలుస్తుంది.'

అసలు పరీక్ష పెండ్లిళ్ళ రోజుల్లో వచ్చింది. అమెరికా క్లయింటు ముందు ఆమె మాట్లాడాల్సిన సమయానికి కరెంటు పోయింది. ఇన్వర్టరూ చేతులెత్తేసింది. ఉక్కపోతకు తట్టుకోలేక కిటికీలు తెరిస్తే, సరిగ్గా కింద బరాత్! బ్యాండు మోతకు అద్దాలు అదురుతున్నాయి. వర్షితకు ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు మాట్లాడు బిడ్డా, మేము లేమా!" అంటూ భీమయ్య, సతీశ్ మెట్లు దిగి పరుగెత్తారు. మమత తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చింది. రఘుపతి అట్టముక్క తీసుకుని విసురుతూ నిలబడ్డాడు.

కిందేం చెప్పారో ఏమో, బ్యాండు టక్కున ఆగింది. ఆమె మాట్లాడినంతసేపూ పెండ్లికొడుకు పూల కారులో చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాడు. చుట్టాలు తిడుతుంటే భీమయ్య వాళ్ళకు రెండు చేతులూ జోడించి దండాలు పెట్టాడు.

క్లయింటు మెచ్చుకున్నాడు. ఆ నెలాఖరుకే ఉద్యోగం పర్మనెంటైంది. స్వీట్లు పంచితే హాలంతా తమకే ఉద్యోగమొచ్చినంత సంబరపడ్డారు.

"ఇగ హైదరాబాద్ ఆఫీసులనే చెయ్యాల్నంట. సోమవారం పోతున్న," అని వర్షిత చెప్పగానే ఆ సంబరం చప్పున చల్లారింది. సతీశ్ చేతిలోని మైసూర్‌పాక్ చేతిలోనే ఉండిపోయింది.

చివరి రోజున ఎవరూ కంప్యూటర్లు తెరవలేదు. మమత ఆమెను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. భీమయ్య దస్తీతో కళ్ళొత్తుకున్నాడు.

"ఒక్క నెలన్న ఆగరాదు బిడ్డా? మా మొకం చూసి?"

వర్షిత బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నా సొంతోళ్ళు గూడ గింత ఏడ్వలేదు కాకా," అని, అందరికీ చేతులు జోడించి గబగబా బయటికి వచ్చేసింది.

మెట్ల మలుపులో కాళ్ళు ఆగిపోయాయి. గోడకానుకుని కళ్ళు తుడుచుకుంది. ఏ నగరంలో, ఏ ఆఫీసులో దొరుకుతారు ఇలాంటి మనుషులు? వెనక్కి వెళ్ళి ఇంకొక్కసారి చూసొద్దామా అనుకుంటూ పైమెట్టు మీద కాలు పెట్టింది.

తెరిచి ఉన్న తలుపులోంచి రఘుపతి గొంతు వినిపించింది.

"కిరాయి కట్టేది గామె ఒక్కతే ఉండె, గామె గూడ పాయె, రేపటి సంది మీరు కస్టమర్ల లెక్క కూసున్నందుకు జీతాలు నేను యాడికెళ్లి తెచ్చియ్యాలె?"