రాయి కింద బొగ్గు

పాము పగ పన్నెండేళ్లంటారు. ధనంజయ పగకు నలభై ఏళ్లు.

ఐరాల పక్కన, కొండ కింద వాళ్లకు మూడెకరాల చెనిక్కాయ చేను ఉండేది. కొలతగాళ్లొచ్చి పటం గీస్తే చేను కాస్తా అడవిలో పడింది. నాయన తిరుమలయ్య ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ దిగులుతోనే పోయాడు.

ఇప్పుడు ధనంజయ ఊళ్లోవాళ్ల ఆవులు మేపుతున్నాడు. ఆ గీత గీసినవాడు దొరికితే వదలకూడదని మాత్రం రోజూ అనుకుంటాడు.

ఈ ఏడు మళ్లీ కొలతలు మొదలయ్యాయి.

ఒక ముసలాయన చేతికర్ర ఊతంగా, ధనంజయ ఆవులు మేపుతున్న వంక దగ్గరికొచ్చాడు.

"అప్పా, తిరుమలయ్య కొడుకు ఇల్లు యాడ?"

"నీకేం పని?"

"అప్పట్లో ఈ కొండ కొలిసినప్పుడు కొలత గొలుసు పట్టినోణ్ణి. హజరత్ వలి అంటారు. మాది పలమనేరు."

ధనంజయకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాడు ఊర్లో లేడులే" అన్నాడు తొణక్కుండా.

"అట్లనా. పోనీ, హద్దురాయి కాడికి తోడొస్తావా?"

"దాన్ని ఎప్పుడో పీకేసినారు."

ముసలాయన నవ్వాడు.

"పీకనీ. రాయి కింద గురుతుకని గంపెడు బొగ్గు పోసి పూడ్సినాను. బొగ్గు నూరేండ్లయినా చెడదు. రేపు ఆఫీసరుకు సూపిస్తే హద్దు తేలిపోతాది."

మూడెకరాలు మింగింది చాలలేదు కాబోలు, ఇంకా హద్దు తేలుస్తాడట.

ధనంజయ తోడెళ్లాడు. రెండు బండగుండ్ల నడుమ చోటు చూపించి, ముసలాయన బస్సుకు వెళ్లిపోయాడు.

పొద్దు గూకకముందే ధనంజయ పార తెచ్చి బొగ్గంతా తోడాడు. గంపకెత్తి వంకలో పారబోశాడు. "నాయనా, పగ తీర్సినా" అని మొక్కుకుని, ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ఆఫీసరు తవ్వించాడు. ఒట్టి మన్ను.

ముసలాయన కూలబడి వేళ్లతో గోకి చూశాడు.

"ఈడే సార్. నా చేతుల్తో పోసినాను."

"ఎవరో తోడేసినట్టుండారు పెద్దాయనా. బొగ్గు లేందే నేనేం చేయలేను. పాత గీతే ఖాయం."

ముసలాయన చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ వంగిన వీపు చూస్తుంటే ధనంజయకు పండగలా ఉంది.

"బాగా అయింది సార్. మా చేను మింగినోడు."

"నువ్వెవరప్పా?"

"తిరుమలయ్య కొడుకుని."

ఆఫీసరు చేతిలోని పటం మడిచాడు.

"మీ చేను కిందగా అడవి గీత గీస్తుంటే, కాదు, హద్దు చేనుకు పైన ఈ రెండు గుండ్ల కాడుండాదని ఎదురుతిరిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడప్పా ఆయన, మీ చేను మీకు ఇప్పించాలని ఆరు నెలలుగా నా చుట్టూ తిరుగుతా ఉండాడు."