మిగిలిన యాభై నాలుగు నిమిషాలు

యంత్రం నెమ్మదిగా పనిచేస్తుంటే దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి కాలం బూడిదలో పోసిన పన్నీరని లోకం నమ్మకం. అన్న ఆ నమ్మకం మీదే జీతం తీసుకుంటున్నాడు. కార్ఖానాలో ఏ పనికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచి, వృథా ఎక్కడుందో చెప్పడం ఆయన ఉద్యోగం. పనివాళ్లు ఆయన్ని గడియారం సారు అంటారు. తమ్ముడు కూడా అదే అంటాడు, కాకపోతే చాటుగా.

ఆ ఆదివారం ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని కంప్యూటర్ పక్కపలక విప్పబోతే, తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనీ అన్నయ్యా. పాత హార్డ్ డిస్క్ బాగానే ఉంది.”

“బాగుందా? ముసలి మిక్సీలా గరగరమంటోంది. దీనికంటే ఎన్నో రెట్లు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ డిస్క్ తెచ్చాను. ఇరవై నాలుగ్గంటలూ ఆటలాడేవాడివి, నువ్వే నన్ను అడగాల్సింది.”

అదే గదిలో, కిటికీ పక్క మంచం మీద తండ్రి ఉన్నాడు. పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలు. కళ్లు తప్ప మరేదీ కదలదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు అన్నకు గట్టిగా చెప్పింది ఒక్కటే: షుగరున్న ఒళ్లు, వీపున పుండు పడిందంటే మానదు, మనిషి దక్కడు. అన్న ఆ సాయంత్రమే గాలి పరుపు కొన్నాడు. తమ్ముడు ఉన్న చిన్న ఉద్యోగం మానేసి, కంప్యూటర్‌తో సహా మంచం పక్కకు చేరాడు. ప్రతి ఆదివారం అన్న వచ్చి తండ్రికి ఒళ్లు తుడుస్తూ వీపంతా వెతుకుతాడు. ఇంతవరకు గోటంత మచ్చ కూడా కనబడలేదు. ఆ పరుపు ఏ దుకాణంలో దొరుకుతుందో ఆయన అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాడు.

అన్న జేబులోంచి చీటీ తీశాడు. కిందటి ఆదివారం తమ్ముడి వెనక కూర్చుని, వాచీ మీద ఒక కన్ను, తెర మీద పాకే నీలిగీత మీద ఒక కన్ను వేసి రాసుకున్న లెక్క అది.

“ఆటలో ఊరు మారినప్పుడల్లా లోడింగుకి మూడు నిమిషాల పది సెకన్లు. రోజుకి పద్దెనిమిదిసార్లని నువ్వే చెప్పావు. దగ్గర దగ్గర గంట. ఇది వేస్తే ఒక్కోటి తొమ్మిది సెకన్లు. మిగిలిన యాభై నాలుగు నిమిషాలూ నాన్న దగ్గర కూర్చో. నాలుగు మాటలు చెప్పు. వింటాడుగా.”

తమ్ముడు నసిగాడు. ఆటలో తనకేం తొందర లేదన్నాడు. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించేసరికి పూట పడుతుందన్నాడు. చివరికి, “ఆ కాస్తసేపేగా నేను కుర్చీలోంచి లేచేది” అన్నాడు.

“లేచి ఏ కొండలు పిండి కొడుతున్నావులే. గుర్రం కుంటు బాగుచేయిస్తానంటే, వద్దు బాబూ, కుంటుతూ పోతేనే నాకు దారిలో కునుకు పడుతుందన్నాడట నీలాంటివాడే.”

తమ్ముడు నవ్వి చెయ్యి తీసేశాడు. అన్నతో వాదించి గెలిచిన రోజు అతని జీవితంలో లేదు.

సాయంత్రానికి పని పూర్తయింది. ఆట తెరిచారు. నీలిగీత కనబడిందో లేదో ఊరు ప్రత్యక్షమైంది. అన్న వాచీ చూసి తల పంకించాడు. వద్దన్నవాడి కళ్లు కూడా మెరిశాయి. ఇక కుర్చీలోంచి లేవబుద్ధి కావడం లేదని తమ్ముడు ఆ వారమే ఫోనులో చెబితే, చూశావా మరి, అని అన్న మురిసిపోయాడు.

మూడో ఆదివారం తండ్రి ఒంటి మీది దుప్పటి తీయగానే వాసన తగిలింది. వెన్ను చివర అరచేతి మేర చర్మం నల్లబడి, నడుమ చిట్లి ఉంది. అన్న ముందు పరుపును నొక్కి చూశాడు. దుకాణానికి ఫోన్ చేసి నిలదీశాడు. మనిషి వచ్చి, పంపు సరిగ్గానే ఆడుతోందని చూపించి వెళ్లాడు. అప్పుడు ఆయన తమ్ముడి వైపు తిరిగాడు.

“మిగిలిన ఆ టైమంతా ఏం చేశావురా?”

“ఆడాను అన్నయ్యా.”

అన్న అనాల్సినవన్నీ అన్నాడు, అనకూడనివి కూడా కొన్ని అన్నాడు. తమ్ముడు వెళ్లి కంప్యూటర్ తీగ పీకేసి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆ వారమంతా అక్కణ్ణుంచి కదల్లేదు. అయినా పుండు లోతుకు దిగింది. ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది, తొమ్మిదో రోజు ఆస్పత్రిలో చేర్చారు. పదకొండో రోజు సాయంత్రం నాలుగుంపావుకు తండ్రి పోయాడు.

డాక్టరు బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. డాక్టరు కాగితం నింపుతూ, పుండు ఎప్పుడు పడిందని అడిగాడు. అన్న తేదీతో సహా చెప్పాడు. డాక్టరు పెన్ను ఆపాడు.

“అంటే పద్నాలుగు నెలలు ఏ పుండూ లేదా?”

“లేదండీ. మొదట్లోనే గాలి పరుపు కొన్నాను.”

“పరుపు ఒక్కదాని వల్ల అయ్యే పని కాదండీ. ఎవరో మనిషి చెయ్యి వెయ్యాల్సిందే. ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పేవారు?”

అంకె చెప్పడానికి అన్న నోరు తెరిచాడు. ఆయన దగ్గర ఆ అంకె లేదు. తమ్ముడి వైపు చూశాడు.

“గంటలు చూడలేదండీ” అన్నాడు తమ్ముడు. “ఆట లోడయ్యేటప్పుడల్లా లేచి తిప్పేవాణ్ణి.”