హనీ డేల్ గొంతు

స్టాంటన్ లాంటి నీచుణ్ణి ఎల్బర్ట్ తన జన్మలో చూడలేదు. ఎల్బర్ట్ చెల్లెలు వెర్నా నాలుగేళ్లుగా షికాగో రేడియోలో, ఆ కార్యక్రమానికి డబ్బిచ్చే సబ్బుల కంపెనీ పెట్టిన హనీ డేల్ అనే పేరుతో పాడుతోంది. తీరా సినిమావాళ్లు వేషానికి పిలిస్తే, కంపెనీ మనిషి స్టాంటన్ వేరే పిల్లను పంపుతున్నాడు.

"వాళ్లు అడిగింది హనీ డేల్‌ని. ఆ పేరు మాది, ఎవరికైనా తగిలిస్తాం," అన్నాడు స్టాంటన్ గోళ్లు గిల్లుకుంటూ.

"జనం చెవుల్లో సబ్బు నురగ పోశావా? మా చెల్లి గొంతు పోల్చుకోరూ?"

"పోయిన గురువారం పాట విన్నారా, అన్నగారూ?"

"విన్నాను. ఎన్నడూ అంత బాగా పాడలేదు."

స్టాంటన్ నవ్వాడు. అన్న పక్కనే కూర్చున్న వెర్నా తల దించుకుంది.

"ఆ రోజు నాకు గొంతు పట్టేసింది అన్నయ్యా. పాడింది ఆ పిల్లే."

"మరి నేను మెచ్చుకుంటుంటే ఊరుకున్నావేం?"

"నువ్వైనా కనిపెడతావేమోనని చూశాను."

ఎల్బర్ట్‌కి తన చెవులంటేనే రోత పుట్టింది. చెల్లి గొంతు మీద నమ్మకంతోనే అయోవాలో పొలమంతా అమ్మి ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. ఎనభై ఎకరాల నల్లరేగడి.